బొటనవేలి బాణీ
వెస్ మాంట్‌గామరీకి గురువు లేడు, స్వరలిపి రాదు. 36వ ఏట కానీ గుర్తింపు దక్కలేదు. అయినా జాజ్ గిటార్‌కు కొత్త భాష నేర్పారు

1950ల చివర్లో, అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో వెస్ మాంట్‌గామరీ దినచర్య ఇదీ: పగలు ఫ్యాక్టరీలో ఉద్యోగం, రాత్రి ఓ క్లబ్బులో గిటార్, అది మూసేశాక తెల్లవారేదాకా మరో క్లబ్బులో. ఇంటి నిండా పిల్లలు. కచేరీల ఆదాయం ఒక్కటే చాలదు. 1959లో శాక్సఫోన్ విద్వాంసుడు కానన్‌బాల్ ఆడర్లీ అక్కడ ఆయన వాద్యం విని, రివర్‌సైడ్ రికార్డుల కంపెనీకి గట్టిగా సిఫారసు చేశారు. అప్పటికి మాంట్‌గామరీకి 36 ఏళ్లు. జాజ్ దిశనే మార్చిన చార్లీ పార్కర్ 34 ఏళ్లకే కన్నుమూశారు మరి.

12వ ఏట అన్న ఇచ్చిన నాలుగు తీగల గిటార్‌ను పక్కనపెడితే, ఆయన అసలు గిటార్ పట్టింది ఇరవయ్యో ఏటికి అటూఇటూగా, పెళ్లయ్యాకే. 1942లో పాతికేళ్లకే మరణించిన చార్లీ క్రిస్టియన్ రికార్డులే ఆయనకు పాఠశాల. వాటిని మళ్లీ మళ్లీ వింటూ ప్రతి స్వరాన్నీ కంఠస్థం చేశారు. మొదట్లో ఓ క్లబ్బులో అవే వాయించి, అవి అయిపోగానే వేదిక దిగేవారు. అంతకు మించి ఏమీ రాదు.

సాధన ఇంట్లోనే. చప్పుడుకు పక్కింటివారు విసుక్కోవడంతో మీటేందుకు వాడే పలక వదిలేసి బొటనవేలితో వాయించడం మొదలుపెట్టారు. దాంతో తీగ గరుకుదనం పోయి, మెత్తని నిండు నాదం పలికింది. (గురువు లేని ఏకలవ్యుడు బొటనవేలు పోగొట్టుకుంటే, ఈయన దాంతోనే నెగ్గుకొచ్చారు.) ఒకే స్వరాన్ని మధ్య, తార స్థాయుల్లో ఒకేసారి పలికించడం ఆయన ప్రత్యేకత. ముందు విడి స్వరాలు, తర్వాత ఈ జంట స్వరాలు, చివరికి స్వరాల గుత్తులు: ఇలా మెట్టు మెట్టుగా కల్పన పెరిగేది. 1960 నాటి 'ఇన్‌క్రెడిబుల్ జాజ్ గిటార్' ఆల్బంలో అది వినొచ్చు.

ఆ తర్వాతి కథ అంత సులువైనది కాదు. 1960ల రెండో సగంలో నిర్మాత క్రీడ్ టేలర్ వయొలిన్ల బృందాన్ని జతచేసి, జనాదరణ పొందిన పాప్ పాటలు వాయింపజేశారు. రికార్డులు విపరీతంగా అమ్ముడయ్యాయి, గ్రామీ వచ్చింది. జాజ్‌ను అమ్మేశారన్నారు విమర్శకులు. ఏళ్ల తరబడి ఫ్యాక్టరీ పనితో ఇల్లు నడిపిన మనిషిని ఆ మాట అనడం తేలికే. నిజానికి వేదికపై ఆయన పదును తగ్గలేదు. 1965లో న్యూయార్క్ హాఫ్ నోట్ క్లబ్బులో చేసిన రికార్డింగే సాక్ష్యం.

కూడబెట్టిన పేరును అనుభవించే వ్యవధి మాత్రం దక్కలేదు. 1968 జూన్ 15న ఇండియానాపోలిస్‌లోనే గుండెపోటుతో మరణించారు. వయసు 45. పేరు రాకముందు ఆ ఊళ్లో వాయించిన టేపులు 2012లో ఆల్బంగా వెలువడ్డాయి.