ఇరవై ఒక్క కిలోమీటర్లా? మనమా?

తెల్లారి లేచిన దగ్గర్నుంచీ ఇంట్లో పరుగులు పెడుతూనే ఉంటాం. పాలు పొంగడం, కుక్కర్ కూత, పిల్లల బస్సు... ఇంకా వేరే పరుగేవిటి అంటారా? ఆ పరుగులన్నీ ఇంటివాళ్ళ కోసం. నేను చెప్పబోయేది మన కోసం మనం తీసే పరుగు. దాని పేరు హాఫ్ మారథాన్. మారథాన్ 42.195 కిలోమీటర్లయితే ఇది అందులో సగం, అంటే దాదాపు 21.1 కిలోమీటర్లు.

మాది విశాఖపట్నం. ఇక్కడ జరిగే వైజాగ్ నేవీ మారథాన్‌లో హాఫ్ మారథాన్ కూడా ఉంటుంది. నలభై నాలుగో ఏట దానికోసం సాధన మొదలుపెట్టాను. మా అమ్మకి నలభై ఎనిమిదేళ్ళకే షుగర్ వచ్చింది, తర్వాత మోకాళ్ళ నొప్పులు. అరవై దాటేసరికి గుమ్మం దిగడానికి ఒకరి చెయ్యి పట్టుకోవలసి వచ్చింది. నాకా అవస్థ రాకుండా నా ప్రయత్నం నేను చెయ్యాలనే ఈ పట్టుదల. పతకం మీద మోజు కాదు.

"ఈ వయసులో పరుగేవిటమ్మా, మోకాళ్ళు అరిగిపోవూ?" అన్నారు మా అత్తయ్యగారు. మితంగా పరిగెత్తేవాళ్ళకి మోకాళ్ళు త్వరగా అరుగుతాయన్న భయం అక్కర్లేదని డాక్టరుగారు చెప్పాక ఆవిడ ఊరుకున్నారు. ఆడవాళ్ళకి ఇలాంటి మాటలు కొత్త కాదు. 1967లో అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో కేథరిన్ స్విట్జర్ పరిగెడుతుంటే నిర్వాహకుడొకాయన ఆవిణ్ణి పట్టి లాగెయ్యబోయాడు. ఆవిడ ఆగలేదు, పూర్తిచేసింది. 1972లో అక్కడ ఆడవాళ్ళకి అధికారికంగా అనుమతి దొరికింది. ఒలింపిక్స్‌లో మహిళల మారథాన్ 1984లో గానీ రాలేదు!

ముందు డాక్టరు, తర్వాతే బూట్లు

బీపీ, షుగర్, రక్తం పరీక్ష చేయించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువగా ఉంటే నాలుగడుగులకే ఆయాసం వస్తుంది. ముందు అది సరిచేసుకోవాలి.

బూట్లలో బొటనవేలి ముందు అర అంగుళం ఖాళీ ఉండాలి. నూలు బట్టలు చెమటకి తడిసి ఒరుసుకుంటాయి. తేలిగ్గా ఆరే టీషర్టు, ప్యాంటు, మంచి స్పోర్ట్స్ బ్రా వేసుకోండి. తొడలకి, చంకలకి వాజిలిన్ రాసుకుంటే మంట ఉండదు.

ఇరవై వారాల లెక్క

అరగంట హాయిగా నడవగలిగినవాళ్ళు ఇలా మొదలుపెట్టవచ్చు.

మొదటి 4 వారాలు: వారానికి మూడు రోజులు, అరగంట చొప్పున. 2 నిమిషాలు మెల్లగా పరుగు, 2 నిమిషాలు నడక.

5 నుంచి 8: 4 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక. ఆదివారాలు 6, 7, 8, 6 కిలోమీటర్లు.

9 నుంచి 12: ఆదివారాలు 9, 11, 12, 9.

13 నుంచి 16: ఆదివారాలు 13, 15, 16, 12.

17వ వారం 18. తర్వాత 12, 8కి తగ్గించి, 20వ వారం పందెం.

అయిదో వారం నుంచి మధ్యలో రెండు రోజులు 4 నుంచి 6 కిలోమీటర్లు చాలు. ప్రతి నాలుగో వారం తగ్గించడం ఒంటికి విశ్రాంతి కోసమే. ఒకరోజు గుంజీళ్ళు తీయండి. మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించండి. పిక్కలు గట్టిపడతాయి.

పక్కనున్న వదినగారితో కబుర్లు చెప్పగలిగేంత వేగమే మనకి సరైనది. కిలోమీటరుకి ఎనిమిదిన్నర నిమిషాలైనా మూడు గంటల్లో ముగుస్తుంది. పందెంలో ఎంత గడువిస్తున్నారో పేరు ఇచ్చేముందే చూసుకోండి.

సముద్రం పక్కన

ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి, కురుసుర సబ్‌మెరైన్, తెన్నేటి పార్కు, జోడుగుళ్ళపాలెం, సాగర్‌నగర్ మీదుగా రుషికొండ దాకా రోడ్డు సముద్రాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. నీళ్ళలోంచి సూర్యుడు పైకొస్తుంటే, వేటకెళ్ళిన పడవలు కనిపిస్తుంటే అలుపు తెలీదు. కానీ గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. అందుకని వెలుగు రాకముందే బయల్దేరాలి. ఒంటరిగా వద్దు, తోడు ఉండాలి. ఇసుకలో ఎక్కువ దూరం పరిగెడితే చీలమండ మెలిపడుతుంది, రోడ్డే మేలు.

ఏం తినాలి, ఏం తాగాలి?

గంట ముందు అరటిపండు గానీ రెండు ఇడ్లీలు గానీ చాలు. గంట దాటే పరుగుకి ఈ నీళ్ళు పట్టుకెళ్ళండి: లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, నిమ్మకాయ రసం. చెంచాలు టీ చెంచాలే, తలకొట్టి వెయ్యాలి. షుగర్ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగాలి. దాహం వేసినప్పుడు గుక్కలుగా తాగండి. ఉత్త నీళ్ళు కడుపునిండా పట్టించినా ప్రమాదమే, రక్తంలో ఉప్పు పలచబడుతుంది. ఇంటికొచ్చాక రాగిజావ, పెసరట్టు. బెల్లం, నువ్వులతో చేసిన చిమ్మిలి ఉంటే ఇంకా మంచిది.

ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, కీలు వాపు కనిపిస్తే ఆగిపోండి. ఓర్చుకోవడం మనకి అలవాటే గానీ ఇక్కడ అది పనికిరాదు.

మరి ఇల్లో? రాత్రే కూరలు తరిగి, పిండి రుబ్బి పెడతాను. ఆదివారం టిఫిన్ మాత్రం మా వారిది. మొదట్లో ఉప్మా అడుగంటింది, ఇప్పుడు బాగానే చేస్తున్నారు. మనం లేకపోయినా ఒక పూట ఇల్లు నడుస్తుందని అందరికీ తెలిసింది, ముఖ్యంగా నాకు.

మొన్న ఆదివారం 16 కిలోమీటర్లు పూర్తయ్యాయి. మీ ఊళ్ళో సముద్రం లేకపోతే చెరువుగట్టుంది, స్కూలు మైదానముంది. రేపు పొద్దున్న అరగంట నడవండి చాలు. మిగతా ఇరవై వారాలూ అవే కదులుతాయి.