వలస దారిలో తోడొచ్చే సమాధానం

దసరా, దీపావళి పండుగలు దాటాయంటే పాలమూరు పల్లెల్లో ఒక దృశ్యం కనిపిస్తుంది. బియ్యం మూట, నాలుగు గిన్నెలు, చంకలో పసిబిడ్డ. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు పాత అప్పులకే సరిపోయింది. ముంబయి, పుణె వైపు బండి ఎక్కేముందు ఆ కుటుంబం పాస్టరుగారి ఇంటి ముందు ఆగుతుంది. 'అయ్యగారూ, ప్రార్థన చేయండి' అంటుంది తల్లి. ఊళ్లో ముసలి అవ్వ, ఆమె కొంగు పట్టుకుని బడికెళ్లే పిల్లవాడు మిగిలిపోతారు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల సంఘాల్లో పెరిగినవారికి ఈ ప్రార్థన కొత్త కాదు. జూరాల, కల్వకుర్తి, నెట్టెంపాడు పథకాల నీళ్లు వచ్చాక ఎన్నో పొలాలు పచ్చబడ్డాయి. వలస తగ్గింది. కానీ ఆగిపోలేదు. మరి ఆ తల్లి కోసం పాస్టరుగారు ఏమని ప్రార్థించాలి? 'ప్రభువా, వీరికి సమాధానమివ్వు' అంటే ఆ మాటకు అర్థమేమిటి?

మన భాషలో ప్రశ్నకు వచ్చే జవాబు సమాధానమే, హృదయానికి కలిగే నెమ్మదీ సమాధానమే. చాలాసార్లు మనం మొదటిది దొరికితేనే రెండోది వస్తుందనుకుంటాం. అప్పు తీరాలి, వాన పడాలి, జబ్బు నయం కావాలి, అప్పుడు నెమ్మది. అయితే దేవుడు తన ప్రజలకు జవాబు కనబడకముందే నెమ్మదినిచ్చిన సందర్భాలు బైబిల్లో ఎన్నో ఉన్నాయి.

డెబ్బై ఏళ్ల ఉత్తరం

కొత్త సంవత్సరం ఆరాధనలో వాగ్దాన కార్డు తీసుకోవడం మన సంఘాల్లో ఉన్న అలవాటు. ఆ కార్డుల్లో చాలామందికి ఇష్టమైనది యిర్మీయా 29:11. దేవుడు మన గురించి ఉద్దేశించినవి సమాధానకరమైనవే తప్ప హాని చేసేవి కావన్న వాగ్దానం అది. ఇంటి గోడకు అతికించుకుంటాం. కానీ ఆ మాట మొదట ఎవరికి అందిందో మరచిపోతాం.

అది సొంత ఊళ్లో సుఖంగా ఉన్నవారికి రాసినది కాదు. నెబుకద్నెజరు యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టుకుపోయిన ప్రజలకు యిర్మీయా ప్రవక్త పంపిన ఉత్తరంలోని మాట అది. అదే రోజుల్లో హనన్యా అనే మరో ప్రవక్త రెండేళ్లలో అంతా చక్కబడుతుందని ప్రకటించాడు. వినడానికి ఎంత హాయైన మాట! కానీ అది అబద్ధం. యిర్మీయా మాత్రం డెబ్బై ఏళ్లు పడుతుందని రాశాడు. అక్కడే ఇళ్లు కట్టుకోమన్నాడు, తోటలు నాటుకోమన్నాడు, పిల్లలకు పెళ్లిళ్లు చేయమన్నాడు. చెరలో ఉన్న ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించమన్నాడు, దాని క్షేమంలోనే వారి క్షేమం ఉందన్నాడు (29:7). మన తెలుగు బైబిలు ఇక్కడ 'క్షేమము' అన్నచోటా, పదకొండో వచనంలో 'సమాధానకరమైన' అన్నచోటా హెబ్రీలో ఉన్న మాట ఒక్కటే, షాలోమ్.

ఇది గమనించాల్సిన సంగతి. హనన్యా ఇచ్చినది ఓదార్పు, దాని వయసు రెండేళ్లే. యిర్మీయా అందించినది సమాధానం, అది డెబ్బై ఏళ్లు మోయగలిగింది. కష్టమే రాదని, వచ్చినా వెంటనే పోతుందని చెప్పే బోధ ఈనాడూ వినబడుతూనే ఉంది. ఆ మాట నమ్మిన విశ్వాసి బోరు ఎండిపోయిన రోజున దేవుణ్నే అనుమానిస్తాడు, లేదా తన విశ్వాసమే చాలలేదని కుమిలిపోతాడు. దేవుడు అలా చెప్పలేదు. దూరదేశంలోనూ మీతో ఉన్నానన్నాడు.

వలస వచ్చిన సువార్త

మన ప్రాంతానికి సువార్త వచ్చిన చరిత్రే దీనికి ఒక సాక్ష్యం. ఇక్కడ వేళ్లూనుకున్న మెన్నోనైట్ బ్రదరన్ సంఘం పేరు వెనుక ఉన్నది మెన్నో సైమన్స్. ఆయన 1536లో యాజకత్వం వదిలి, కత్తి పట్టని క్రీస్తు మార్గాన్ని బోధించిన డచ్చి దేశస్థుడు. ఆ విశ్వాసం కోసం ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. మిగిలినవారి సంతతి ఒక దేశం నుంచి మరో దేశానికి తరలిపోయి, చివరకు రష్యా సామ్రాజ్యంలో స్థిరపడింది. అక్కడే 1860లో మెన్నోనైట్ బ్రదరన్ సంఘం పుట్టింది. 1870ల నుంచి వేలాదిమంది మళ్లీ మూటలు కట్టుకుని అమెరికా వెళ్లారు.

డాక్టర్ కాతరీనా షెలెన్‌బర్గ్ ఆ వలస బిడ్డల్లో ఒకరు. 1870లో రష్యాలో పుట్టి, చిన్నతనంలోనే తల్లిదండ్రులతో అమెరికా చేరారు. వైద్యం చదివి 1907లో నాటి హైదరాబాద్ సంస్థానానికి వచ్చారు. దవాఖానాలు లేని రోజుల్లో మన తల్లులకు, బిడ్డలకు వైద్యం చేస్తూ 1945లో శంషాబాద్‌లో కన్నుమూశారు. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాలలో మిషన్ కేంద్రాలు నడిపినవారి వెనుక ఉన్నది ఇలాంటి కథే. సొంత ఊరు నిలవని ప్రజలు, వలసపోయే మన ప్రజలకు సమాధాన సువార్తను తెచ్చారు. వారు పోగొట్టుకున్నది ఇల్లే కాని సమాధానం కాదు.

కన్నీరు అవిశ్వాసం కాదు

2009 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణ పొంగినప్పుడు అలంపూర్, రాజోలి ప్రాంతాల్లో ఇళ్లు కూలాయి, మగ్గాలు మునిగాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ ప్రకటించగానే దేశమంతటా వలస కూలీలు నడిరోడ్డున పడ్డారు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్సెల్బీసీ సొరంగం పైకప్పు కూలి ఎనిమిదిమంది లోపల చిక్కుకుపోయారు. ఒక్కరూ ప్రాణాలతో బయటపడలేదు. వారంతా పరాయి రాష్ట్రాల నుంచి పనికోసం మన గడ్డకు వచ్చినవారే. పాలమూరు కూలీ వెళ్లిన దారినే వారూ వచ్చారు.

ఇలాంటి వేళ ఏడ్చేవారిని 'నీకు విశ్వాసం లేదు' అనకండి. లాజరు సమాధి దగ్గర ప్రభువే కన్నీరు విడిచాడు. మనసు కుంగి నిద్ర పట్టనివారిని ప్రార్థనలో మోయండి, అవసరమైతే డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లండి. వలస వెళ్లిన ఇంటి అవ్వను వారానికోసారైనా పలకరించండి. ఆ పిల్లవాడు బడి మానకుండా చూడండి. మన ఊళ్లకు కూలికి వచ్చిన పరాయి రాష్ట్రం మనిషి ఆకలి అడగండి. దేవుడు ఇచ్చే సమాధానం చాలాసార్లు పక్కింటి విశ్వాసి చేతుల మీదుగానే వస్తుంది.

యేసు తన సమాధానాన్ని శిష్యులకు అప్పగించినది ఏ రాత్రి? తనను పట్టుకోవడానికి వస్తున్న రాత్రి (యోహాను 14:27). పౌలు దేవుని సమాధానం మన హృదయాలకు కావలి ఉంటుందని రాసినది ఎక్కడినుంచి? చెరసాల నుంచి (ఫిలిప్పీ 4:7).

జొన్నచేలో మంచె మీద కూర్చున్న కావలివాణ్ని చూసే ఉంటారు. ఆకాశంలో పిట్టలు ఎగరకుండా అతడు ఆపలేడు. అవి చేనుమీద వాలి గింజ తినకుండా మాత్రం చూస్తాడు. క్రీస్తు సమాధానం చేసేదీ అదే. చింతలు మన తల మీదుగా ఎగురుతూనే ఉంటాయి, కానీ నిరీక్షణ అనే గింజను తినలేవు. బండి ఎక్కే ఆ తల్లి కోసం అడగాల్సిన ప్రార్థన కూడా అదే. 'ప్రభువా, దారి పొడవునా ఈ కుటుంబానికి నీవే కావలి ఉండు. ఊళ్లో మిగిలినవారికి మమ్మల్ని కావలి ఉంచు.' ఆమేన్.