ఒక విమాన ప్రమాదం: ఇంద్రియాల సాక్ష్యం

కంటితో చూచినది, ఒంటికి తెలిసినది నిజమని నమ్మడం మానవ స్వభావం. నిత్యజీవితంలో ఆ నమ్మకం మనల్ని సాధారణంగా మోసగించదు. కాని మన శరీరమే మనకు తప్పుడు సాక్ష్యం చెప్పే సందర్భాలు కొన్ని ఉన్నాయి. అట్టి సందర్భంలో కూలిపోయిన ఒక చిన్న విమానం గురించి, దాని కారణాన్ని అన్వేషించిన దర్యాప్తు గురించి విద్యార్థులకు వివరించడం మా ఉద్దేశం.

1999 జూలై 16వ తేదీ రాత్రి 8 గంటల 38 నిమిషాలకు అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం నుండి పైపర్ సారటోగా అనే ఒంటి ఇంజను విమానం బయలుదేరింది. దానిని నడుపుతున్నవాడు 1963లో హత్యకు గురైన అధ్యక్షుడు కెనెడీ కుమారుడు జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్. వయస్సు 38 సంవత్సరాలు. వెంట భార్య, ఆమె సోదరి ఉన్నారు. గమ్యం అట్లాంటిక్ సముద్రంలోని మార్తాస్ వినియర్డ్ ద్వీపం. తీరం వెంబడి 5,500 అడుగుల ఎత్తున సాగిన విమానం రోడ్ ఐలండ్ రాష్ట్రం దాటి సముద్రం మీదికి ప్రవేశించింది. ద్వీపం ఇంకా 34 మైళ్ళ దూరాన ఉండగా కిందికి దిగసాగింది. 9 గంటల 40 నిమిషాల వేళ అది కుడివైపునకు ఒరిగి, నిమిషానికి 4,700 అడుగులకు మించిన వేగంతో పడిపోతున్నట్లు రాడార్ నమోదు చేసింది. 1,100 అడుగుల ఎత్తున కనబడినదే దాని చివరి గుర్తు. నాలుగు రోజుల తరువాత సుమారు 120 అడుగుల లోతు నీటిలో శకలాలు కనబడ్డాయి. ముగ్గురిలో ఎవరూ బ్రతకలేదు.

ప్రసిద్ధ కుటుంబం కావడం వల్ల వదంతులకు కొదవ లేకపోయింది. అయితే అమెరికా జాతీయ రవాణా భద్రతా సంస్థ వదంతుల జోలికి పోక వస్తువుల సాక్ష్యాన్ని సేకరించింది. ప్రొపెల్లర్ రెక్కలు దెబ్బతిన్న తీరును బట్టి నీటిని తాకే క్షణంలో ఇంజను పనిచేస్తూనే ఉన్నదని తేలింది. గాలిలో విరిగినట్లు గాని, మంటలు లేచినట్లు గాని ఆధారం దొరకలేదు. పైలట్ శరీరంలో మద్యం, మత్తుమందు జాడలు లేవు. మరి యంత్రం చక్కగా ఉండి, మనిషి తెలివిలో ఉండి, విమానం ఎందుకు కూలింది?

సమాధానం ఆనాటి ఆకాశంలో దొరికింది. ఆ సాయంత్రం ఆ ప్రాంతంలో మంచుతెర వంటి మసక వ్యాపించి ఉన్నది. అదే ద్వీపం మీదుగా పోయిన మరొక పైలట్‌కు కింద ఒక్క దీపమైనా కనబడక, ద్వీపంలో విద్యుత్తు పోయిందేమోనని అనిపించిందట. ఆకాశానికి, సముద్రానికి నడుమ గీత లేదు. కెనెడీకి సుమారు 310 గంటల అనుభవం ఉన్నది. కాని కేవలం పరికరాలను చూచి విమానం నడిపేందుకు కావలసిన అర్హత లేదు. ఆ శిక్షణ సగంలో ఉన్నది. తోడుగా వస్తానని ఒక శిక్షకుడు చెప్పినా, ఒంటరిగా వెళ్ళాలని ఉన్నదని ఆయన బదులిచ్చాడు. ఆ రాత్రి వాతావరణం నిబంధనల ప్రకారం ప్రయాణానికి అనుమతించినదే. నిబంధన అనుమతించినంత మాత్రాన ప్రయాణం క్షేమకరం కాదని ఇక్కడ మనం గ్రహించాలి.

ఇప్పుడు శరీరం సంగతి చూద్దాం. మన లోపలి చెవిలో ద్రవం నిండిన మూడు అర్ధవర్తుల కుల్యలున్నాయి. తల తిరిగినప్పుడు ఆ ద్రవం వెనుకబడి, అందులోని సన్నని రోమాలను వంచుతుంది. అందువల్ల తిరుగుతున్నామని మెదడుకు తెలుస్తుంది. కాని అదే మలుపు ఒకే తీరుగా కొన్ని క్షణాలు సాగితే ద్రవం కూడా దానితో సమానంగా కదులుతుంది. తిరుగుతున్న భావన నశిస్తుంది. ఒప్పులకుప్ప ఆడి ఆగిన పిల్లలకు లోకం ఎదురు దిశలో తిరుగుతున్నట్లు తోచడానికి కారణం ఇదే. పిల్లలకు ఆధారంగా కాళ్ళ కింద నేల ఉన్నది. చీకటిలో ఎగిరేవానికి అదీ లేదు. విమానం ఒరిగి తిరుగుతున్నా తిన్నగా పోతున్నట్లే ఉంటుంది. దానిని సరిచేస్తే రెండవ వైపునకు ఒరిగినట్లు తోచి, మళ్ళీ పాత మలుపులోకే తిప్పుతాడు. ఎత్తు తగ్గుతున్నదని ముక్కును పైకి లాగితే మలుపు మరింత బిగుస్తుంది. 1954లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో పరికరాల శిక్షణ లేని 20 మందిని, బయటి దృశ్యం కనబడకుండా చేసి, శిక్షకుని సమక్షంలో పరీక్షించారు. ఇరవైమందీ విమానంపై అదుపు కోల్పోయారు. అందుకు పట్టిన సగటు కాలం 178 సెకన్లు.

కెనెడీ విమానం విషయంలోనూ ఇట్టి స్థితిభ్రాంతియే కారణమని, మసక, చీకటి అందుకు తోడ్పడ్డాయని 2000 జూలైలో వెలువడిన నివేదిక నిర్ణయించింది. విమానం ఎటు ఒరిగినదీ చూపే పరికరం పైలట్ కళ్ళ ముందే ఉన్నది. కాని శరీరమంతా ఒకటి ఘోషిస్తుండగా, ఒక చిన్న ముల్లు చెప్పే మాటను నమ్మడం చాలాకాలం అభ్యసిస్తే తప్ప అలవడదు.

అంతర్జాతీయ పౌర విమానయాన నియమాల ప్రకారం ఇట్టి దర్యాప్తుల లక్ష్యం దోషిని పట్టుకోవడం కాదు, అట్టి ప్రమాదం మరల జరగకుండా చూడడం. మన దేశంలో 2012లో ఏర్పడిన విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ లక్ష్యమూ అదే. కావున చనిపోయినవారిని నిందించడానికి మేమీ సంగతి చెప్పలేదు. ప్రయోగశాలలో కొలత తాననుకొన్నట్లు రాకపోతే కొలతనే దిద్ది రాసుకొనే విద్యార్థులను మేము ఎరుగుదుము. అక్కడ పోయేవి నాలుగు మార్కులు మాత్రమే. అయినా ఆ అలవాటు, ఆ రాత్రి సముద్రం మీద ప్రాణాలు తీసిన భ్రమ ఒకే జాతికి చెందినవి. మనస్సుకు ఎంతో నిశ్చయంగా తోచిన దానిని కూడా వెలుపలి ఆధారంతో సరిచూచుకొనే అభ్యాసం కళాశాలలో ఉండగానే ప్రారంభం కావాలని మా ఆకాంక్ష.