‘ఉప్పెన’: ఈడొచ్చిన ప్రేమ, ఎదగని కథ

పదిహేడు, పద్దెనిమిదేళ్ల ప్రేమలు తెలుగు సినిమాకు కొత్త సరుకు కాదు. నాలుగైదేళ్లకొకసారి ఒక కొత్త కుర్రవాడూ, ఒక కొత్త పిల్లా, వెనకాల ఒక సముద్రమో కొండో, అడ్డంగా ఒక కర్కోటకుడైన తండ్రో అన్నో తెరమీదికి వస్తారు. పాటలు ఊరూరా మోగుతాయి. సమీక్షకులు మొదటి సగం హాయిగా ఉందనీ, రెండో సగం సాగిందనీ రాసి చేతులు దులుపుకొంటారు. టిక్కెట్టు కొనాలా వద్దా అని తేల్చుకోవలసినవాడికి ఆ మాటలు చాలు. కథ రాయవలసినవాడికీ, కథను చదవడం నేర్చుకోవలసినవాడికీ చాలవు. ఈ కథల్లో ఏం జరుగుతోంది, ఏం జరగకుండా ఆపుతున్నారు అన్నది చూడాలంటే ఒక సినిమాను దగ్గరగా పెట్టుకోవాలి. అందుకు ‘ఉప్పెన’ను ఎంచుకుంటున్నాను.

బుచ్చిబాబు సానా మొదటి చిత్రమిది. 2021 ఫిబ్రవరి 12న విడుదలైంది. జనం విరగబడి చూశారు. ఆ సంవత్సరానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డూ వచ్చింది. అటు జనమూ ఇటు ప్రభుత్వమూ మెచ్చిన సినిమా గనక, ‘కమర్షియల్ చెత్త’ అని ఒక్క మాటతో తీసిపారెయ్యడం విమర్శ అనిపించుకోదు. నిజానికి ఇందులో తీసిపారెయ్యకూడని దృశ్యం ఒకటుంది. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

కథ కాకినాడ పక్క ఉప్పాడ తీరంలో నడుస్తుంది. ఆశీర్వాదం అనే ఆశీ జాలరి కుర్రవాడు. బేబమ్మ అని ఇంట్లో పిలుచుకునే సంగీత ఊళ్లోని పెద్దింటి పిల్ల. ఆమె తండ్రి రాయనం డబ్బూ, పెత్తనమూ ఉన్న మనిషి. ఆ రెంటికన్నా పరువు ఎక్కువనుకునే మనిషి. పిల్లలిద్దరూ ప్రేమించుకొంటారు, లేచిపోతారు. కూతురు లేచిపోయిందన్న సంగతి ఊరికి తెలియకుండా ఆ తండ్రి ఆరు నెలలు దాస్తాడు. కుర్రవాణ్ణి చంపడు, అతని మగతనాన్ని తీసేస్తాడు. ఆ సంగతి ప్రేక్షకుడికి ఆఖరున గాని తెలియదు.

ఇందులో ‘పరువు’ అన్న మాటను పట్టుకుందాం. సినిమా మొత్తానికి ఇరుసు ఆ మాటే. రాయనం పాత్ర వేసిన విజయ్ సేతుపతి కేకలు వెయ్యడు, కళ్లెర్ర చెయ్యడు. ఒక వస్తువును ముట్టుకున్నంత జాగ్రత్తగా ఆ మాటను పలుకుతాడు. మంచి నటన. కాని పరువు దేనితో తయారవుతుంది? భూమితో, ఆ భూమిమీద ఇతరులు చేసే పనితో, ఎవరితో వియ్యమందాలి ఎవరితో కూడదు అన్న కట్టడితో తయారవుతుంది. ఒక్క ముక్కలో చెప్పాలంటే కులంతో తయారవుతుంది. తెలుగునేలమీద పరువుకోసం కూతురి మొగుణ్ణి నరికించిన మనిషి, అవతలివాడు తన కులంవాడే అయితే కత్తిదాకా పోవడం అరుదు. సినిమాకు ఈ సంగతి తెలుసు. తెలుసు గనకనే కుర్రవాణ్ణి జాలరిని చేసింది, క్రైస్తవ నామం పెట్టింది. గుర్తులన్నీ ఇచ్చింది. ఇచ్చి, అసలు పోరాటాన్ని ఒక మనిషి తలలోని పిచ్చిగా మార్చింది. రాయనానికి పరువు పిచ్చి. పిచ్చివాడొకడు లేకపోతే ఊరంతా చల్లగా ఉంటుందన్నమాట! ఊరి పెద్దలు, బంధువులు, పోలీసులు, సామాన్య సమయాల్లో మర్యాదస్తులుగా కనిపించేవాళ్లందరూ కలిసి మోసే బరువును ఒక్క ప్రతినాయకుడి భుజాన వేసి, మిగతా అందరినీ హాలులోంచి నిర్దోషులుగా ఇంటికి పంపడం మన ప్రేమకథల పాత అలవాటు.

2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, ఒక ఆసుపత్రి ముందు, గర్భవతి అయిన భార్య కళ్లెదుటే ఒక దళిత యువకుణ్ణి నరికి చంపారు. అమ్మాయి తండ్రే కిరాయికి మనుషుల్ని పెట్టి చంపించాడని పోలీసులు కేసు పెట్టారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. ఆ హత్య తర్వాత ఆ తండ్రిని సమర్థిస్తూ ‘కన్న కడుపు’ అంటూ బాహాటంగా మాట్లాడినవాళ్లు కొందరు కాదు. అది ఒక మనిషి పిచ్చి అయితే అంతమంది నోట అదే మాట ఎలా వచ్చింది? ‘ఉప్పెన’ ఈ హత్య జరిగిన మూడేళ్లలోపే వచ్చింది. చూసిన ప్రతివాడికీ ఆ హత్య గుర్తొచ్చే ఉంటుంది. సినిమా కూడా ఆ గుర్తుమీద బతుకుతుంది, దాని పేరు మాత్రం పలకదు.

ఈ పేరు మార్చడం ‘ఉప్పెన’తో మొదలవలేదు. దానికి నాలుగు నెలల ముందు, 2020 అక్టోబరులో వచ్చిన ‘కలర్ ఫోటో’ చూడండి. 1990ల మచిలీపట్నం, పాలమ్ముకునే ఇంటినుంచి వచ్చి ఇంజనీరింగు చదివే నల్లటి కుర్రవాడు, తెల్లటి అమ్మాయి, ఆమె అన్న రామరాజు పోలీసు అధికారి. అన్నకు పట్టరాని కోపం కుర్రవాడి రంగుమీద. చామనచాయకూ నలుపుకూ మధ్య మన ఇళ్లలో పెళ్లిచూపుల నాడు జరిగే అవమానం నిజమైనదే. దాన్ని తెరమీద పెట్టినందుకు దర్శకుడు సందీప్ రాజ్‌ను మెచ్చుకోవాలి. సుహాస్ నటనలో ఆ అవమానం ఒళ్లంతా కనిపిస్తుంది. అయినా రంగుకోసమే ఒక అన్న ప్రాణం తీసేదాకా పోతాడా? ఇక్కడ రంగు చేత కులం పని చేయిస్తున్నారు. పాలవాడి కొడుకు అనడంతో వృత్తి తెలిసింది, రామరాజు అనడంతో ఇల్లు తెలిసింది. అక్కడికి వచ్చాక కథ చటుక్కున చర్మం దగ్గర ఆగిపోయింది. ఎవరినీ నొప్పించకుండా అందరినీ ఏడిపించడానికి ఇది మంచి ఉపాయం. ఈ చిత్రానికీ జాతీయ అవార్డు వచ్చింది.

ఇప్పుడు ఒక్కసారి వెనక్కి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన సినిమాకు ‘మాలపిల్ల’ అని పేరు. గోడమీది పోస్టరులోనే కులం ఉంది. కథ చలానిది. బ్రాహ్మణుల ఇంటి కుర్రవాడు మాలపిల్లను ప్రేమించడం వస్తువు. గాంధీ హరిజనోద్యమం నాటి సంస్కరణ దృష్టి దానిది, పరిమితులు చాలానే ఉన్నాయి. కాని మాట మింగలేదు. 1978లో బాలచందర్ ‘మరోచరిత్ర’ విశాఖ తీరాన తమిళ కుర్రవాడికీ తెలుగమ్మాయికీ మధ్య భాషను అడ్డంగా నిలబెట్టింది. 1981లో భారతీరాజా ‘సీతాకోకచిలుక’ మతాన్ని నిలబెట్టింది. చివర జంధ్యాన్నీ సిలువనూ వదిలి ఆ ఇద్దరూ నడిచిపోతారు. భాష పోయింది, మతం వచ్చింది, తర్వాత రంగు వచ్చింది, పరువు వచ్చింది. ఎనభై ఏళ్ల కిందట బోర్డుమీద రాసుకున్న మాటను ఈనాడు సంభాషణల్లో వెతుక్కోవలసి వస్తోంది. దీన్ని పురోగతి అనాలో ఏమనాలో పాఠకులే చెప్పాలి.

ఇక వస్తువునుంచి శిల్పానికి వద్దాం. నా అసలు అభ్యంతరం అక్కడే. ఈడు రావడమన్నది ఇలాంటి సినిమాల్లో శరీరానికి సంబంధించిన సంగతిగా మిగిలిపోతుంది. చూపు, స్పర్శ, వాన, ఒక రాత్రి. అంతటితో పిల్లలు పెద్దవాళ్లయిపోయినట్టు. నిజ జీవితంలో పెద్దవాళ్లవడం ఆ మర్నాడు మొదలవుతుంది. బియ్యం ఎవరు కొంటారు, గది అద్దె ఎంత, పని ఎక్కడ దొరుకుతుంది, అమ్మాయికి జ్వరమొస్తే ఎవరికి చెప్పాలి? ‘ఉప్పెన’లో లేచిపోయిన తర్వాతి కాలం దృశ్యాలుగా, ప్రయాణంగా, సంగీతంగా కరిగిపోతుంది. చేపల వేటకు పోయే చేతులున్న కుర్రవాడికి కొత్త చోట ఆ చేతులతో ఏ పని దొరికిందో మనకు గుర్తుండేలా చూపించలేదు. ఉప్పాడలో కూడా అంతే. ఆ తీరాన ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులు పొయ్యి ఎలా వెలుగుతుందన్నది ప్రతి జాలరి ఇంటి లెక్క. ఆడవాళ్లు గంపలు నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగితేనే చేప డబ్బవుతుంది. ఉప్పాడ ఊరునే సముద్రం ఏటేటా కోసుకుపోతోంది. కాకినాడనుంచి వచ్చే తీరపు రోడ్డు ఎన్నిసార్లు కొట్టుకుపోయిందో అక్కడివాళ్లనడగాలి. ‘ఉప్పెన’ అన్న మాట వింటే ఆ తీరానికి 1977 దివిసీమ గుర్తొస్తుంది, తూర్పుగోదావరి జాలరులెందరో సముద్రంలోనే పోయిన 1996 నవంబరు తుపాను గుర్తొస్తుంది. సినిమా ఆ మాటను తీసుకుని ప్రేమకు ఉపమానం చేసింది. ఉపమానం తప్పని అనను. ఉపమేయం కోసం ఉపమానాన్ని ఇంతగా ఖాళీ చెయ్యడం తప్పు. సముద్రం ఇందులో నీలంగా, అందంగా ఉంటుంది. పని చేసే చోటుగా ఉండదు.

(జాలరి కుర్రవాడి పాత్రకు పరిశ్రమలోని అతిపెద్ద తారాకుటుంబంనుంచి ఒక కొత్త నటుణ్ణి పరిచయం చేశారు. అది ఆ యువకుడి తప్పు కాదు. అతను శ్రద్ధగానే చేశాడు. కాని ఎవరి బతుకు తెరకెక్కుతుంది, ఎవరు తెరకెక్కుతారు అన్న ప్రశ్న వెయ్యకుండా పోలేం.)

ఇలా కాక మరోలా తియ్యడం సాధ్యమా అంటే, సాధ్యమేనని మన పక్కింటివాళ్లు చూపించారు. నాగరాజ్ మంజుళే 2016లో మరాఠీలో తీసిన ‘సైరాట్’ కథా దాదాపు ఇదే. జాలరి ఇంటి కుర్రవాడు పర్శ్యా, ఊరి పాటిల్ కూతురు ఆర్చీ. మొదటి సగం మన సినిమాలకు ఏమాత్రం తీసిపోని పాటలు, ఉత్సాహం. రెండో సగంలో వాళ్లు పారిపోయి వచ్చేది ఎక్కడికో తెలుసా? హైదరాబాదుకు. మన ఊరికే. మురికివాడలో రేకుల గది. ఆ కంపు భరించలేక ఆర్చీ ఏడుస్తుంది. తర్వాత నీళ్ల సీసాల ఫ్యాక్టరీలో పనికి కుదురుతుంది, తెలుగు ముక్కలు నేర్చుకుంటుంది. అతను దోసెల బండి దగ్గర పని చేస్తాడు. అనుమానాలొస్తాయి, దెబ్బలాడుకుంటారు, ఆమె రైలెక్కి వెళ్లిపోబోయి తిరిగి వస్తుంది. పాటిల్ కూతురు పాటిల్ కూతురు కాకుండా పోవడానికి ఎన్ని నెలలు పట్టిందో, ఎంత చెమట పట్టిందో ఆ సగం చెబుతుంది. అందుకే చివరి హత్య మనల్ని అంతగా కోస్తుంది: చంపింది ఇద్దరు ప్రేమికుల్ని కాదు, ఒక సంసారాన్ని. హైదరాబాదు బస్తీలో ప్రేమజంట కష్టపడి బతకడాన్ని చూపించడానికి మరాఠీ దర్శకుడు రావలసి వచ్చిందంటే మన కథకులు కాస్త సిగ్గుపడాలి. ఆ సినిమానే 2018లో ‘ధడక్’ అని హిందీలోకి తెచ్చి, ఉదయపూర్ మేడల్లో పెట్టి, కులం పదును తీసేశారు. ఇందాక చెప్పిన పేరు మార్చే జబ్బు తెలుగువాళ్లకే పరిమితం కాదు.

సాహిత్యంలోనూ ఈ ‘మర్నాటి’ కథ మనకు లేకపోలేదు. చలం ‘మైదానం’ రాజేశ్వరి ఇల్లు వదిలి వెళ్లిన చోటినుంచే నవల మొదలవుతుంది. ఆ మైదానంలో బియ్యం లెక్కలు తక్కువే, నిజమే. కాని లేచిపోవడాన్ని ముగింపు చెయ్యలేదు, ఆరంభం చేశాడు. మాట్లాడేది కూడా ఆమే.

ఇప్పుడు ఆ చివరి దృశ్యం. తండ్రీ కూతురూ ఎదురెదురుగా నిలబడతారు. తాను చేసిన ఘోరాన్ని తండ్రి విజయంలా చెబుతాడు. ఇక వాడు మగవాడు కాడు, నీకు పనికిరాడు అన్నది అతని లెక్క. కూతురు ఆ లెక్కను ఒప్పుకోదు. మగతనం ఒక అవయవంలో లేదంటుంది, అతని దగ్గరికి వెళ్లిపోతుంది. ఒక కూతురు తండ్రి ముందు నిలబడి ఈ మాట అనడం తెలుగు జనరంజక సినిమాలో నేను మరెక్కడా చూడలేదు. కొత్త నటి కృతి శెట్టి ఆ దృశ్యాన్ని గట్టిగా నిలబెట్టింది. కులం ఆడదాని గర్భంమీద కాపలా కాస్తుంది గనక, ఆ కాపలాకు అర్థం లేకుండా చేసే మాట అది. దర్శకుడు అనుకుని రాశాడో అనుకోకుండా రాశాడో గాని, ఆ మాటతో రాయనం పరువు నిజంగా కూలిపోతుంది. బేబమ్మ ఆ క్షణంలో ఎదిగింది.

అయితే ఆ క్షణాన్ని ఎలా కట్టారో కూడా చూడాలి. అంత పెద్ద దెబ్బ తిన్న మనిషి ఆశీ. ఆ బాధ అతని లోపల ఎలా ఉందో, ఆమెతో చెప్పలేక ఎలా నలిగాడో మనం అతనితోపాటు పడనే లేదు. ప్రేక్షకుణ్ణి ఆఖరున ఉలిక్కిపడేట్టు చెయ్యడానికి ఆ గాయాన్ని రహస్యంగా దాచారు. ఒకరి బాధ కథకు బిగువు తెచ్చే చీటీ అయింది. ఆ చీటీ విప్పేది కూడా కొట్టినవాడే. బాధితుడి కథను దౌర్జన్యం చేసినవాడి నోట వినిపించడం శిల్పదోషంగా మాత్రమే తోచవచ్చు. నాకు అది దృక్పథంలోని లోపంగా కనిపిస్తుంది. ప్రేక్షకుడికి ముందే తెలిసి ఉంటే, ఆశీ ప్రతి చూపూ, ప్రతి మౌనమూ వేరే అర్థంతో కనిపించేవి. ఉత్కంఠ తగ్గేది, విషాదం పెరిగేది. యువ రచయితలు ఈ సినిమాను రెండోసారి చూడాలనడం ఇందుకే: రహస్యం తెలిసి చూస్తే ఏ దృశ్యాలు నిలబడతాయో, ఏవి కూలిపోతాయో తెలుస్తుంది. చాలా కథలకు ఈ పరీక్ష పనికొస్తుంది.

రెండోసారి చూస్తుంటే ఇంకొక సంగతి కూడా పట్టుకుంటుంది. ఆ పెద్దింట్లో బేబమ్మకు తల్లి ఉంది. ఆరు నెలలు కూతురు ఇంట్లోనే ఉందని ఊరిని నమ్మించాలంటే ఒక్క మగవాడి మౌనం చాలదు. ఆ తల్లి అబద్ధమాడి ఉండాలి. పేరంటానికి పిలవడానికి వచ్చిన ముత్తైదువలకు ఏదో చెప్పి ఉండాలి. వంటమనిషి లేని మనిషికి కూడా లెక్కవేసి గిద్దెడు బియ్యం ఎక్కువ పొయ్యాలి. పాలేరుకు తెలుసు, చాకలికి తెలుసు. ఆ గదినుంచి మాసిన బట్టలు రావడం మానేశాయి గదా. ఇందరు పనివాళ్లు నోరు మూసుకుంటేగాని ఒక పరువు నిలబడదు. ఎందుకు మూసుకున్నారు? భయంతోనా, అప్పుతోనా, ఉప్పు తిన్నామన్న విశ్వాసంతోనా, లేక ఆ పిల్ల ఎక్కడో బతికి ఉంటే చాలునన్న ప్రేమతోనా? సినిమా ఆ ఆరు నెలలనూ ఒక్క వాక్యంలో దాటేసింది. ఆ ఇంటి వంటగది వైపునుంచి ఎవరైనా ఆ కథ రాస్తే చదవాలని ఉంది.