నది వరద వేరు.. వీధి వరద వేరు

శ్రీకాకుళం: ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టిన నాగావళి, శ్రీకాకుళం పట్టణం మీదుగా సాగి కల్లేపల్లి వద్ద సముద్రంలో కలుస్తుంది. ఎగువన వర్షం కురిస్తే వరద దిగువకు చేరడానికి గంటలు పడుతుంది కనుక హెచ్చరికకు వ్యవధి దొరుకుతుంది. పట్టణంలోనే కుండపోత కురిస్తే ఆ వ్యవధి ఉండదు.

ఏ కాలువ ఎంత నీటిని మోయగలదు, ఏ వీధి పల్లంలో ఉంది, నది నిండుగా ఉన్నప్పుడు మురుగునీరు వెనక్కు మళ్లుతుందా అన్నది కంప్యూటర్ నమూనాతో ముందే లెక్కగట్టడమే పట్టణ వరద అంచనా. 1953 ఉప్పెనలో 1,836 మందిని కోల్పోయిన నెదర్లాండ్స్ ఈ విద్యలో ముందుంది. అక్కడి డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ పరిశోధకులు చాలామంది జీతం పొందే ఉద్యోగులే. విదేశీ చదువంటే అప్పేనని వెనుకాడే తల్లిదండ్రులు గమనించవలసిన సంగతి ఇది.

అయితే నమూనా ఎక్కడ తయారైనా కాలువ లోతు, వీధి మట్టం కొలతలు శ్రీకాకుళంలోనే తీయాలి. పూడిక నిండిన కాలువకు పాత కొలతలు వేస్తే అంచనా తప్పుతుంది.