ప్రాథమిక తరగతులలో విభక్తి బోధన: కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతముల భాషాస్థితి

"అక్క తమ్ముని పిలిచెను", "అక్కను తమ్ముడు పిలిచెను" అను రెండు వాక్యములలో పదముల వరుస ఒక్కటియే; అర్థము మాత్రము తలక్రిందైనది. ఈ మార్పును తెచ్చినవి విభక్తులు. ఇంతటి పని చేయు చిన్న రూపములను పసివారికి ఎట్లు నేర్పవలయునన్న ప్రశ్న తేలికగా తోచును. కాని ఉత్తర తెలంగాణమున అది ఒక ప్రశ్న కాదు, రెండు. ఆ భేదమును చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) విభక్తులను సంస్కృత క్రమమున ఏడుగా విభజించినది. డు-ము-వు-లు ప్రథమ, ని-ను-ల మొదలైనవి ద్వితీయ, చేత-తోడ తృతీయ, కొఱకు-కై చతుర్థి, వలన-కంటె-పట్టి పంచమి, కి-కు-యొక్క-లో-లోపల షష్ఠి, అందు-న సప్తమి. తెలుగు నెఱిగినవాడు తన భాషా నిర్మాణమును పరిశీలించుటకు ఈ పట్టిక ఉపకరించును. భాషను నేర్చుకొను శిశువునకు ఇది మార్గము కాజాలదు. "చెల్లెలికి పండు ఇచ్చెను" అనునప్పటి 'కి' షష్ఠిలో చేరుటకు గల కారణమును ఎనిమిదేండ్ల బాలునికి బోధింప నెవరికి సాధ్యము? కావున పట్టికను వల్లెవేయించుట ప్రాథమిక తరగతులలో పనికిరాదని మా అభిప్రాయము.

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు 2016లో పలు జిల్లాలైనను, ఈ ప్రాంతపు భాషాస్థితిని ఆ రెండు పేర్లతోనే ఇచట చర్చింతుము. కరీంనగర్ పల్లెలోని తెలుగు బాలుడు ఇంటి భాషలో "ఇంట్ల ఉన్నడు", "చెట్టుమీదికెల్లి పడ్డడు", "బాయికాడ ఉన్నది", "అవ్వతోని పోయిండు" అనును. పాఠ్యపుస్తకము 'ఇంటిలో', 'చెట్టుమీదినుండి', 'బావివద్ద', 'అమ్మతో' అనును. ఆదిలాబాదు స్థితి వేఱు. ఉట్నూరు పరిసరములలోని అనేకులకు ఇంటి భాష గోండీ, కొలామీ, లంబాడీ, మరాఠీలలో ఒకటి. మాతృభాష ద్వారా గోండు పిల్లలకు చదువు చెప్పవలయునన్న ప్రయత్నము ఇచట కొత్తది కాదు. హైమన్‌డార్ఫ్ చొరవతో 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రము వెలసినది. నాగరి లిపిలో గోండీ వాచకములు వెలువడినవి.

ఇపుడు రెండు 'తప్పు'లను సరిచూతము. ఒక బాలుడు "ఇంట్ల" అని వ్రాసెను; మఱియొకడు "ఇల్లులో" అని వ్రాసెను. ఉపాధ్యాయుడు రెంటిని ఒకే ఎఱ్ఱగీతతో కొట్టివేయును. కాని మొదటివాడు 'ఇల్లు' అను ప్రాతిపదిక 'ఇంటి' అను ఔపవిభక్తిక రూపమును పొందవలెనన్న సూక్ష్మమును ఎఱిగినవాడు. అతనికి కావలసినది 'ల' బదులు 'లో' అను లేఖన రూపము మాత్రమే. రెండవవానికి 'లో' తెలిసినది. అంగము మాఱునన్నది తెలియలేదు. మొదటివానికి వ్యాకరణము రాదనుట అన్యాయము. రెండవవానికి "ఇంట్ల అనరాదు" అని చెప్పుట అనవసరము. రోగ మొకటి, మందు మఱియొకటి అయిన యెడల బాలుడు మౌనమును ఆశ్రయించును. ఆ మౌనమును మందబుద్ధియని భ్రమించుట మఱింత హానికరము.

ఆదిలాబాదు బాలునికి అనుకూలమైన అంశ మొకటి కలదు. గోండీ, కొలామీలు ద్రావిడభాషలు. లంబాడీ, మరాఠీలు ఆర్యభాషలు. అయినను ఇవియన్నియు సంబంధ సూచకమును నామమునకు పిదపనే చేర్చును. కావున ఆ బాలునికి కొత్తది సంబంధభావము కాదు, తెలుగు రూపము మాత్రమే.

దీనిని బట్టి బోధనాక్రమము నిర్ణయింపవచ్చును. మొదట చేతల ద్వారా స్థలవాచకములు: బలపమును పలకమీద, పలకకింద, సంచిలో పెట్టించి చెప్పింపవలెను. పిదప ఎక్కడ, ఎక్కడికి, ఎక్కడినుండి అను మూడు ప్రశ్నలకు మీద, మీదికి, మీదినుండి అను జవాబులు రాబట్టవలెను. ఆ తరువాత ఎవరిని, ఎవరితో, ఎవరికి, ఎవరికంటె అను ప్రశ్నలు. ఉదాహరణములు ఊరివే కావలెను: సిరిసిల్లలో మగ్గముమీద నేసిన చీర, పొనికి కఱ్ఱతో చేసిన నిర్మల్ బొమ్మ, గనిలోనుండి తీసిన బొగ్గు, గోదావరికంటె చిన్నదైన మానేరు. అనంతరము ఇల్లు-ఇంటి, ఏరు-ఏటి, కన్ను-కంటి, చేయి-చేతి అను జంటలను వాక్యములలో అభ్యసింపజేయవలెను. ఇంటి మాటను ప్రక్కన వ్రాసి, పుస్తకపు మాటను దానికి జతచేయుట మేలు. విభక్తుల పేర్లు పై తరగతులకు విడువవలెను.

2022-23 విద్యాసంవత్సరము నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమము ఒకటవ తరగతి నుండియే ప్రవేశించినందున ఈ విషయమునకు ప్రాధాన్యము హెచ్చినది. ఆంగ్లమున సంబంధ సూచకము నామమునకు ముందు నిలుచును. అంతేకాక ఒకదాని కొకటి సరిపోదు: "బడికి" అనుచోట 'టు', "పది గంటలకు" అనుచోట 'ఎట్' వచ్చును, "నాకు ఆకలి" అనుచోట ఏదియు రాదు. "పిట్ట చెట్టుమీద ఉన్నది" అనుటకు ఆంగ్లేయుడు 'ఆన్' అనక 'ఇన్' అనును. ఒక మాటకు ఒక మాట చొప్పున అర్థములు వల్లెవేయించినచో రెండు భాషలును చెడును. తెలుగులో సంబంధమును స్పష్టముగ గ్రహించిన బాలునికి ఆంగ్ల రూపము కేవలము మఱొక వేషము.

కావున పరిశోధక విద్యార్థులు పాఠశాలల వ్రాతపుస్తకములలోని విభక్తి దోషములను సేకరించి, వానిని మాండలిక రూపములు, అంగ దోషములు, అన్యభాషా ప్రభావములు అని వింగడింపవలసియున్నది. ఆ పని సాగిననాడు ఉపాధ్యాయుని ఎఱ్ఱసిరా ఎక్కడ ఆగవలయునో తేటపడును.