ఇంజను దాహము

మా ఇంటి ప్రక్క రేకుల షెడ్డులో ఇరువదియేండ్లుగా నిలుచుచున్న అంబాసిడరు కారు క్రింద, ఒకనాటి ఉదయమున, రూపాయి బిళ్లంత పచ్చని చెమ్మ కనబడినది. వ్రేలితో తాకి చూచితిని; నీటికంటె కొంచెము జిడ్డుగా నుండి, వాసనకు తీయగా తోచెను. మరునాటికి అది అరచేయంత అయినది. వారము తిరుగునప్పటికి రేడియేటరులో అరలీటరు తరుగు తేలినది. ఆ అరలీటరు ఎటు పోవుచున్నదో వెదకుచు గడపిన పదునైదు దినములలో నాకు బోధపడినదేమనగా, ఇంజనులోని నీరు పోవుట నేడు రోగముగా నెంచబడుచున్నను, మోటారుకారు పుట్టిన కాలమున నీరు పోవుటయే దాని జీవనధర్మము. ఆ ధర్మమును దోషముగా మార్చుటకు యంత్రనిర్మాతలకు దశాబ్దముల శ్రమ పట్టినది.

సిలిండరులో పెట్రోలు మండు క్షణమున అందలి వాయువుల వేడిమి 2000 సెంటిగ్రేడు డిగ్రీలను దాటును. ఆ సిలిండరును పోతపోసిన ఇనుమో, 1200 డిగ్రీల చేరువలోనే కరగిపోవును. కరగవలసిన పాత్ర కరగకుండుటకు కారణములు రెండు: ఆ జ్వాల క్షణకాలికమగుట యొకటి, పాత్ర గోడల నడుమ ఎడతెగక నీరు ప్రవహించుచుండుట రెండవది. మనము వెలయిచ్చి కొన్న పెట్రోలులోని శక్తిలో ఇంచుమించు మూడవవంతు ఈ నీటి ద్వారమున గాలికి ధారపోయబడుచున్నది. దాదాపు అంతయే పొగగొట్టము దారి పట్టును. చక్రములను త్రిప్పునది తక్కిన దానిలో కొంత మాత్రమే. నెలజీతముతో సంసారము నడపినవారికి ఈ లెక్క కొత్తగా నుండదు.

ఈ వేడిమిని మోసికొనిపోవుటకు నీటిని మించిన కూలివాడు లేడు. లీటరు నీటిని ఒక్క డిగ్రీ వేడిచేయుటకు 4.2 కిలోజౌళ్ల ఉష్ణము కావలెను. మరుగుచున్న ఆ లీటరునే ఆవిరిగా మార్చుటకైతే 2257 కిలోజౌళ్లు, అనగా అయిదువందల రెట్లకు పైగా, కావలసియుండును. 1886 జనవరి 29న కార్ల్ బెంజ్ జర్మనీలో పేటెంటునకు దరఖాస్తు పెట్టిన మూడుచక్రముల బండి ఈ రెండవ మార్గమునే అనుసరించినది: సిలిండరు చుట్టునున్న నీరు మరిగి ఆవిరియై ఆకాశమున కలియును, తరిగిన నీటిని తిరిగి పోయవలెను, అంతే. వేసవిలో మన ఇండ్లలోని కొత్తకుండ చెమర్చుచున్నంతకాలమే నీటిని చల్లగా నుంచును. పాతబడి చెమర్చుట మానిన కుండను మన పెద్దలు గాబు ప్రక్కకు నెట్టెడివారు. బెంజ్ ఇంజను కుండజాతికి చెందినది. నీరు పోవుచున్నంతవరకే దానికి ఆరోగ్యము.

కుండకు నీరు పోయు గృహిణి ఇంటిలోనే యుండును. బండికి నీరు పోయువారు దారిలో ఎవరు? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినదియు ఒక గృహిణియే. 1888 ఆగస్టులో కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్, భర్తకు ముందుగా తెలుపకుండ, ఇరువురు కుమారులను వెంటబెట్టుకొని, మాన్‌హైము నుండి పోర్జ్‌హైములోని పుట్టినింటికి నూరు కిలోమీటర్లకు పైబడిన దారిని ఆ బండి మీద సాగించినది. ఇంధనము నిండుకొనగా వీస్లోఖ్ అను ఊరిలో మందుల దుకాణమున కొన్న సంగతిని చరిత్రకారులు మక్కువతో చెప్పుదురు; నా దృష్టిలో అంతకంటె ముఖ్యమైనది, ఆమె దారి పొడవునను బండికై నీరు వెదకికొనుచు పోవలసివచ్చుట. ఇంధనము కొన్నది ఒక్కచోటనే తలచుకొనబడుచున్నది. నీటికొరకు ఆగిన చోట్లకు లెక్కలేదు. పెట్రోలు బంకు లేని లోకములో బండి నడిచినది గాని, బావి లేని లోకములో నడిచియుండెడిది కాదు.

పోయిన నీటిని మరల పోయుటకు బదులు, వేడెక్కిన నీటినే చల్లార్చి మరల వాడుకొనుట మేలను తలంపునకు పూర్ణరూప మిచ్చినవాడు, డైమ్లరు సంస్థలో పనిచేసిన విల్‌హెల్మ్ మేబాఖ్. ఎమిల్ యెల్లినెక్ అను వర్తకుని కోరికపై ఆయన 1900లో రూపొందించి, యెల్లినెక్ కుమార్తె పేరిట మెర్సిడెస్ అని పిలువబడిన 35 అశ్వశక్తుల కారు ముందుభాగమున తేనెపట్టు వంటి రేడియేటరు నమర్చెను. ఆరేసి మిల్లీమీటర్ల చతురస్రాకారపు సన్నని గొట్టములను 8,070 తీసికొని వరుసలుగా పేర్చి టంకముతో అతికిరి; గొట్టములలో గాలి దూసికొనిపోవును, గొట్టముల నడుమ సందులలో నీరు పారును. అంతకుముందటి ఏర్పాటునకు 18 లీటర్ల నీరు కావలసియుండగా దీనికి 9 లీటర్లు చాలెను. అయితే ఇందొక చమత్కారమున్నది. ఆవిరిగా పోవు నీటిని ఆపబోయి మేబాఖ్, నీరు కారుటకు వీలైన అతుకులను వేలకొలది సృష్టించెను. అంతకుముందు బండి నీరు త్రాగెడిది. ఇక మీదట కార్చుట నేర్చినది.

ఆ నీటిని త్రిప్పునది యెవరను ప్రశ్న మిగిలెను. 1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టీ కారులో తొలి రెండువేల పైచిలుకు బండ్ల పిమ్మట పంపును తీసివేసి, వేడినీరు తేలికయై పైకి లేచుట, చల్లనినీరు బరువై క్రిందికి దిగుట యను ప్రకృతిసూత్రమునకే ఆ పని అప్పగించిరి. 1927 వరకు కోటిన్నర బండ్లు అట్లే నడచినవి. పంపు లేనిచోట పంపు చెడుట లేదు గదా! కాని నీటిమట్టము పైగొట్టము నోటికంటె దిగినచో ఆ ప్రదక్షిణ ఆగిపోవును. పెద్ద ఇంజనులకు ఆ మందగమనము చాలదు. అందుచేత పంపు తిరిగివచ్చినది, దానితో నా కథయు మొదలైనది.

అంతకుముందు రేడియేటరు మూతను గూర్చి ఒక్కమాట. చిన్నతనమున తిరుమల కొండ నెక్కు టాక్సీలు మలుపు ప్రక్కన బానెట్టు తెరచుకొని బుసకొట్టుచుండగా, డ్రైవరు తడిపిన గోనెపట్టాతో మూతను పట్టి, మొగము ప్రక్కకు త్రిప్పుకొని విప్పుట చూచిన జ్ఞాపకము పాఠకులలో పలువురకు ఉండవచ్చును. ఆ మూతలోని స్ప్రింగు చదరపు అంగుళమునకు 7 పౌండ్ల ఒత్తిడిని నిలిపినచో, నీరు 100 డిగ్రీల వద్ద గాక సుమారు 111 డిగ్రీల వద్ద మరగును. వంటింటి కుక్కరు సూత్రమే ఇది; ఈల మాత్రము లేదు. వేడిమీద విప్పితిమా, ఒత్తిడి ఒక్కుమ్మడిగా తొలగి, లోపలి నీరు ఉన్నపాటున ఆవిరియై మొగమున చిమ్మును. ఆ మూతలో ఎదురుదిశకు తెరచుకొను చిన్న కవాటము మరియొకటి గలదు. ఇంజను చల్లారినప్పుడు లోన ఏర్పడు శూన్యమునకు అది దారి నిచ్చును. తెల్లవారి చూచునప్పటికి పైగొట్టము పీల్చిన బుగ్గవలె లోనికి నొక్కుకొనిపోయి యుండినచో, ఆ చిన్న కవాటము బిగిసికొన్నదని గ్రహించవలెను.

కూలెంటు అని మనము కొనునది ఎక్కువపాలు ఎథిలీన్ గ్లైకాలు. దీనిని తొలుత తయారుచేసినవాడు ఫ్రెంచి రసాయనవేత్త వుర్ట్జ్. సగము నీటితో కలిపినచో సుమారు సున్నకు దిగువ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు; చలిదేశములకు అది ప్రాణావసరము. గోదావరి తీరమున మనకు మంచు భయము లేదు. మనకు పనికివచ్చునది అందు కలిపిన త్రుప్పునివారకములు. బోరునీటిలోని సున్నము పొంగినపాలగిన్నె అడుగువలె రేడియేటరు గొట్టములలో పేరుకొని వేడిమిని కదలనీయదు గావున, కూలెంటులో కలుపుటకు బ్యాటరీకి పోయు డిస్టిల్డు వాటరే శ్రేష్ఠము. తీయని రుచి గల ఈ ద్రవము విషమని మాత్రము మరువరాదు; పళ్లెములో పట్టిన దానిని కుక్కలకు, పసిపిల్లలకు అందనీయరాదు.

ఇక మా బండి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు మూసలో, కలకత్తా చేరువ ఉత్తరపారాలో పుట్టి, 2014 మే వరకు తయారైన వంశములోనిది. 1489 ఘనసెంటీమీటర్ల పెట్రోలు ఇంజను. మొదట నేను అందరు చేయు పనియే చేసితిని: రెండు చెంచాల పసుపు రేడియేటరులో పోసితిని. పసుపు నలుసులు నీటివెంట పోయి కన్నమున చిక్కుకొని ఉబ్బి దానిని మూయునని ప్రతీతి. రెండుదినములు మూసిన మాటయు నిజమే. కాని పసుపునకు చెడ్డ కన్నమేదో, రేడియేటరులోని మంచి సన్నగొట్టమేదో తెలియదు గదా! మూడవనాడు చెమ్మ మరల కనబడగా, బండి క్రింద పాత వార్తాపత్రికలు పరచి, రాత్రి యంతయు నుంచి, తెల్లవారి చూచితిని. మరక ముందుభాగమున, ఫ్యానునకు కొంచెము వెనుకగా నున్నది. టార్చిలైటు పట్టుకొని వెల్లకిల పరుండి చూడగా, నీటిపంపు అడుగున గోరంత రంధ్రమొకటి, దాని అంచున ఎండిన పచ్చని చార, చివర వ్రేలాడు బొట్టు. దొంగ దొరికెనని పొంగిపోయి, ఆ రంధ్రమును ఎమ్-సీలుతో గట్టిగా మూసి, చేతులు కడుగుకొని కాఫీ త్రాగితిని.

చెమ్మ ఆగినది. నాలుగుదినముల పిమ్మట ఇంజను ముందు తిరుగలి విసరినట్టి గరగర ధ్వని మొదలైనది. వీధి చివరి మెకానిక్కు వచ్చి, ఫ్యాను రెక్కను పట్టి ముందుకు వెనుకకు ఊపి, చెవి ఆనించి, అడుగున చూచి లేచినాడు.

“ఇదెవరు మూశారు మాష్టారూ?”

“నేనేనోయ్. అక్కణ్ణించే కారుతోంది.”

“అది కన్నం కాదండీ, వాటర్ బాడీకి అది నోరు. లోపల సీలు పోయిందని చెప్పటానికే పెట్టారు దాన్ని. నోరు నొక్కేస్తే నీళ్లు బేరింగులోకి పోవూ?”

మెకానిక్కులు వాటర్ బాడీ యని పిలుచు పంపులో ఒక ఇరుసు గలదు; దాని ఒక కొన నీటిలో రెక్కలను త్రిప్పును, మరియొక కొన గాలిలో బెల్టుచే తిరుగును. నీటికిని గాలికిని నడుమ తిరుగుచున్న ఇరుసు చుట్టు నీరు రాకుండ ఆపవలెను. స్ప్రింగుతో నొక్కబడిన నునుపైన కార్బను ఉంగరము వేరొక నునుపైన ముఖముతో ఒరసికొనుచు ఆ కావలి కాయును. ఏండ్ల తరబడి ఒరసి ఒరసి అది అరుగును. దాని వెనుకనే గ్రీజుతో నిండిన బేరింగు. ఈ రెంటి నడుమ తెలిసియే విడిచిన రంధ్రమది: కావలి దాటివచ్చిన నీరు బేరింగును చేరక బయట పడవలెనని, పడుట యజమాని కంటబడవలెనని. నీరు కారకుండ ఇంత శ్రమపడిన ఇంజనీర్లు, కారక తప్పనినాడు కనబడునట్లు కారవలెనని ఒక్కచోట దారి విడిచిరి. నేను సరిగా ఆ దారినే మూసితిని. ఈ యంత్రచరిత్రలో నాకు మిక్కిలి గౌరవము గొలిపిన వస్తువు మేబాఖ్ తేనెపట్టు కాదు, ఆ గోరంత రంధ్రము.

మెకానిక్కు చెప్పిన తీరున మరునాడు నేనే పని కుపక్రమించితిని. చల్లారిన ఇంజనునుండి క్రిందికుళాయి ద్వారమున ద్రవమును పళ్లెములోనికి దింపి, రేడియేటరును తప్పించి, డైనమోను వదులుచేసి బెల్టును, పిమ్మట ఫ్యానును తీసి, పంపు బోల్టులు విప్పి, కొయ్యసుత్తితో తట్టగా పంపు ఊడివచ్చినది. బేరింగు గుండ్లు గోధుమవన్నె తిరిగియున్నవి. గ్రీజు తెల్లబడి చిక్కని మజ్జిగవలె నున్నది. నా ఎమ్-సీలు చేసిన నిర్వాకము! ఇంజను ముఖమున అంటుకొన్న పాత ప్యాకింగు కాగితమును మొద్దుకత్తితో గీకి తీయుటకే గంట పట్టినది. పొట్టు లోనికి రాలకుండ ఆ నోటిలో గుడ్డ కుక్కితిని. కొత్త ప్యాకింగును కత్తిరించు పద్ధతిని అతడు చూపినది చూడముచ్చట: దళసరి కాగితమును పంపు ముఖముపై పరచి, సుత్తి గుండ్రని తలతో అంచువెంట మెల్లగా కొట్టుచు పోవును, ఇనుప అంచే కత్తెరయై కాగితమును తన కొలతకు తానే కోసికొనును. దానికి పలుచగా షెల్లాకు పూసి, కొత్త పంపు నుంచి, బోల్టులను ఒక్కసారిగా గాక ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగించితిని.

ద్రవము పోయుటలోను ఓర్పు కావలెను. తొందరపడి పోసినచో లోన గాలి చిక్కుకొని, నిండినట్లు కనబడి మోసము చేయును. మూత తెరచియుంచి ఇంజనును నెమ్మదిగా నడపుచు పైగొట్టముపై చేయి వేసితిని. చాలసేపు చల్లగా నుండి, థర్మోస్టాటులోని మైనము కరగి ఉబ్బి దారి తెరచిన క్షణమున, గొట్టము అకస్మాత్తుగా వెచ్చబడినది. వెంటనే మట్టము జారినది. మరల నింపి మూత వేసితిని.

మీ బండి క్రింద పచ్చని చెమ్మ కనబడిననాడు పసుపుడబ్బా కొరకు వంటింటికి పోకుడు. పత్రిక పరచి, రాత్రి గడిపి, తెల్లవారి టార్చి పట్టుకొని క్రింద పరుండి చూడుడు. పంపు అడుగున గోరంత రంధ్రము తడిసియుండినచో కొత్త పంపు తెచ్చుకొనుడు. ఆ రంధ్రమును మాత్రము మూయకుడు.